కుంచానికి ఎన్ని కూలుంబులు

"మీటరు నాలుగు చూపిస్తోంది సూరిగారూ. అంటే నలభై. మొదలుపెట్టండి" అని గోడలోని గొట్టంలోంచి వసుంధర మేడమ్ గొంతు వినిపించింది.

నాలుగంటే నలభై ఎందుకవుతుందని ఉద్యోగంలో చేరిన కొత్తలో అడిగాను. ఆ మీటరు పాతకాలపుదట, దాని లెక్క ఎబ్‌కూలుంబుల్లో ఉంటుందట. విద్యుత్తును కూలుంబుల్లో కొలుస్తారట, పది కూలుంబులు ఒక ఎబ్‌కూలుంబు. అంతకన్నా పాత పుస్తకాల్లో స్టాట్‌కూలుంబని మరొకటి ఉందట. అవి మూడు వందల కోట్లు పోగుచేస్తే ఒక్క కూలుంబు. "ఒకే సరుక్కి ఇన్ని కొలతలు ఎందుకమ్మా?" అన్నాను. "మీ వైపు ధాన్యానికి గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం ఎందుకున్నాయి?" అని ఆవిడ నన్నే అడిగారు. ఆ రోజుతో నాకు విద్యుత్తంటే సగం భయం పోయింది. మిల్లులో ఇరవై రెండేళ్ళు ధాన్యం కొలిచినవాణ్ణి. కొలతలు నాకు చుట్టాలే.

సింహాద్రి అప్పన్నను తలుచుకుని, మొదటి కుండను వెదురు పట్టకారుతో పట్టి, పైనుంచి దిగిన తీగ చివరి రాగి ముక్కు కిందికి జరిపాను.

"లాభం" అన్నాను.

కుండ ఘుమ్మని పాడడం మొదలుపెట్టింది. మా బొద్దులవలస కొండ మీద నూటపాతిక అడుగుల స్తంభం ఉంది. దాని నెత్తిన మేఘం ఆగి ఉంది. మేఘంలో పోగుపడినదాన్ని పుస్తకాల్లో ఆవేశం అంటారు. మనిషికి వచ్చేదానికీ అదే పేరు. ఎక్కువసేపు లోపల దాచుకుంటే ఎవరో ఒకరి మీద పడుతుంది. అది పిడుగై పొలంలో మనుషుల మీద పడకముందే కొంచెం కొంచెంగా కుండల్లోకి దించేయడమే మా పని.

ఆ కుండల్లోనే ఉంది మేడమ్ కనిపెట్టిన కిటుకు. ఎర్రమట్టి కుండకు జీడిపిక్కల నూనెతో ఒక పూత పూసి, కుమ్మరి ఆవంలో మూడుసార్లు కాలుస్తారు. ఆ పూత ఆవేశాన్ని మింగి దాచేస్తుంది. ముట్టుకుంటే కొట్టదు. ఏ మీటరు పెట్టి చూసినా లోపల ఎంతుందో చెప్పదు. నిండిన కుండకూ ఖాళీ కుండకూ బరువులో తేడా తెలియదు. పాట ఆగిపోతే నిండినట్టు, అంతే. ఆ కుండకు కుంచం అని పేరు పెట్టింది నేనే.

"రెండు" అన్నాను. "మూడు... నాలుగు..."

నా రెండు చేతులూ పట్టకారు మీదే ఉంటాయి. ఆ గదిలో ఏ యంత్రం పెట్టినా మాడిపోతుంది. అందుకని లెక్క నోటితోనే చెప్పాలి. గొట్టం అవతల, కొండ కింద ఆఫీసులో మేడమ్ తయారుచేసిన లెక్కయంత్రం నా గొంతు విని ఒక్కో కుంచానికి ఒక్కో గీత గీసుకుంటుంది.

"ఐదు... ఆరు... ఆరున్నొకటి... ఎనిమిది."

ఎనిమిదో కుండ పాట ఆగేసరికి గుమ్మానికి వేలాడుతూ, మేఘంలో ఆవేశం ఉన్నంతసేపూ ఎడంగా నిలిచిన రెండు పలచని రేకులు ఒకదాన్నొకటి వచ్చి తాకాయి. మేఘం ఖాళీ. తెల్లజెండా ఎత్తాను. కింద గట్టు మీద ఆగి ఉన్న ఆడవాళ్ళు చూసి, చేతులూపి, మళ్ళలోకి దిగి ఊడ్పులకు వంగారు. అందులో మా ఆవిడ పోలమ్మ కూడా ఉంది. కాసేపటికి ఉరుము లేని, మెరుపు లేని వాన పడింది.

ఆ వానాకాలం ముప్పై ఒక్క మేఘాలు దించాం. అంతకుముందు ఏటా మా చుట్టుపక్కల ఇద్దరో ముగ్గురో పిడుగుకు పోయేవారు. ఆ ఏడు ఒక మేక కూడా పోలేదు.

పొద్దున్న దీపం పెట్టేటప్పుడు అప్పన్నను ఒక ప్రశ్న అడుగుతూ ఉండేవాణ్ణి. వాన నువ్విచ్చేదే కదా స్వామీ, మరి పిడుగూ నీదేనా? నీదైతే నేను మధ్యలో చెయ్యి పెట్టడం తప్పా? ఆయన జవాబు చెప్పలేదు, కోపగించినట్టూ కనబడలేదు. పోలమ్మ మాత్రం పక్కనుంచి అంది: "ఆ సామిని ఇసిగించకు. కుండ జారకుండా పట్టుకో, అదే ఆయనకి పూజ."

మేడమ్‌ను కూడా అడిగేవాణ్ణి. నా మోటారుసైకిలు బ్యాటరీ మీద ఐదు ఆంపియర్-గంటలని రాసి ఉంటుంది. దాన్ని కూలుంబుల్లోకి మారిస్తే ఎంతవుతుందన్నాను. ఆవిడ కాగితం మీద గుణించి, "పద్దెనిమిది వేలు" అన్నారు.

"నా సీటు కింద పద్దెనిమిది వేలా! మేఘంలో నలభయ్యేనా! మరి నలభైకి మనుషులు పోతున్నారు, పద్దెనిమిది వేల మీద కూర్చుని నేను సంతకెళ్ళి వస్తన్నాను. ఇదేటి ధర్మం?"

ఆవిడ గట్టిగా నవ్వారు. "బ్యాటరీలోది కాలవలో తిరిగే నీళ్ళు, సూరిగారూ. ఎంత పోతుందో అంతా తిరిగొస్తుంది. మేఘంలోది కొండమీద కట్ట కట్టి ఆపిన నీళ్ళు. కొంచెమైనా కట్ట తెగితే ఊరు పోతుంది."

ఆవిడ హైదరాబాదులో పుట్టి పెరిగారు. తెలియనిది అడగడానికి నాకెప్పుడూ మొహమాటం లేదు. ఆవిడకూ లేదనుకున్నాను. కానీ తెలియదని మనకు తెలియనిదాన్ని ఎవరు అడుగుతారు?

*

మా అమ్మాయి నూకరత్నం నా దగ్గరే పని నేర్చుకుంది. పాలిటెక్నిక్ చదివింది. పట్టకారు నాకన్నా నిలకడగా పడుతుంది. రెండో కేంద్రం సముద్రం ఒడ్డున జీడిమెట్టలో కట్టినప్పుడు దాన్ని అక్కడ కొలతమనిషిగా వేశారు. పోలమ్మ వీధి వీధంతా చెప్పుకుంది.

జీడిమెట్టలో ఒక చిక్కు ఉంది. ఉప్పుగాలికి పలచని రేకులు రెండు రోజులు కూడా నిలవవు. మేఘం ఖాళీ అయిందో లేదో చెప్పే రేకులు లేకపోతే ఎలా? అందుకు మేడమ్ ఒక మార్పు పట్టిక తయారుచేశారు. మా ముప్పై ఒక్క మేఘాల లెక్కలు తీసి, మీటరు చూపిన కూలుంబులను లెక్కయంత్రం గీసిన గీతలతో భాగించి, సగటు కట్టారు. కుంచంలో ఎంత పడుతుందో తెలుసుకోవడానికి అదొక్కటే దారి. కుండ తనంతట తాను చెప్పదు కదా.

రత్నం బయల్దేరేముందు ఆ అట్ట నాకు చూపించింది. పైన పెద్ద అక్షరాలతో ఉంది: ఒక కుంచం = ఆరున్నర కూలుంబులు.

"ఇన్నాళ్ళూ కొలిచావు, నీకే తెలీదు చూశావా నాన్నా" అని ఏడిపించింది. "మేఘం ఎంతో మీటరు చెప్తుంది. ఆరున్నరతో భాగించడం, అన్ని కుండలు ఎత్తడం, జెండా ఎగరేయడం. నీలాగ రేకుల్ని చూసుకుంటూ కూర్చోనక్కర్లేదు."

"అట్ట చూసి కొలవడం నాకు సేతకాదులే" అన్నాను. గర్వంగానే అన్నాను.

జీడిమెట్ట మీదికి మొదటి మేఘం శ్రావణమాసం రెండో మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. ముప్పై తొమ్మిది కూలుంబులు. ఆరున్నరతో భాగిస్తే ఆరు. అక్కడి గొట్టం చివర పెట్టిన ఫోను ద్వారా మేడమ్ మా కొండ కింది ఆఫీసు నుంచి వింటున్నారు, పక్కన నేనున్నాను.

రత్నం ఆరో కుండ ఎత్తాక, "మేడమ్, ఇంకా లాగుతున్నట్టుంది. ఆరో కుండ కూడా మొదటిదానంత జోరుగానే పాడింది" అంది.

మేడమ్ అట్ట చూశారు. "ఆరు చాలమ్మా. ఏడోది పెడితే ఆవేశం భూమి నుంచి పైకి ఎక్కుతుంది, అది ఇంకా ప్రమాదం. ఆపేసి జెండా ఎత్తు."

ఎత్తింది. జీడితోటల గట్టున నిలబడ్డ ఆడవాళ్ళు మళ్ళలోకి దిగారు. ఇంకా పది నిమిషాలు కాలేదు, ఫోనులోంచే మేమా చప్పుడు విన్నాం. ఆ తరవాత రత్నం ఏదో అరిచింది. మాట తెలియలేదు.

పోయినావిడ పేరు దాలమ్మ. ముప్పై ఆరేళ్ళు. భర్త పేరు తవిటయ్య.

*

మర్నాటి నుంచి మేడమ్ నిద్రాహారాలు లేకుండా వెతికారు. ముందు అనుమానం మీటరు మీద. ఎబ్‌కూలుంబుల్ని కూలుంబులుగా మార్చేచోట సున్న అటూ ఇటూ అయిందేమోనని ప్రతి లెక్కనూ మళ్ళీ కట్టారు. సరిగ్గానే ఉంది. జీడిమెట్ట కుండలు తెప్పించి కొలతలు తీశారు. మా కుండలతో వెంట్రుకవాసి తేడా లేదు. తీగ, స్తంభం, మట్టి అన్నీ చూశారు.

అన్నీ సరిగ్గా ఉంటే మిగిలింది మనిషి. విచారణకు వచ్చిన పై అధికారులు అదే అన్నారు. జీడిమెట్టలో ఊరంతా అదే అంది: పిల్ల ఐదు పెట్టి ఆరనేసింది. కుండలు అప్పటికే భూమిలోకి వంచేశారు, సాక్ష్యం లేదు. రత్నాన్ని ఇంటికి పంపేశారు.

అది వచ్చి వసారాలో గోడకానుకుని కూర్చుంది. మొదటిరోజు "ఆరు పెట్టాను" అంది. రెండో రోజూ అంది. నాలుగో రోజు నా దగ్గరకొచ్చి మెల్లగా, "ఐదే పెట్టానేమో నాన్నా. మూడోదాన్ని రెండుసార్లు లెక్కపెట్టానేమో. గుర్తుకు తెచ్చుకుంటుంటే ఒక్కోసారి ఐదే కనబడుతున్నాయి" అంది.

తప్పు జరిగితే దిద్దుకోవచ్చు. చెయ్యని తప్పును చేశానని నా బిడ్డ నమ్మడం మొదలుపెడితే దాన్ని ఎలా దిద్దాలి? చేసిందేమో అని నాకూ అనిపించిందా? అబద్ధమాడను, ఒక్క రాత్రి అనిపించింది. పొద్దున్నే దీపం ముందు లెంపలు వేసుకున్నాను. దాని చెయ్యి నాకు తెలుసు. తప్పు ఎక్కడుందో పట్టుకునేదాకా ఈ విషయం వదలనని అప్పన్నతో చెప్పాను. వరం అడగలేదు, ఊరికే చెప్పాను.

తొమ్మిదో రోజున మేడమ్ మా ఇంటికి వచ్చారు. చేతిలో ఒక కాగితం ఉంది. 'కొలతమనిషి పొరపాటు' అని అందులో రాసి ఉంది. రత్నం సంతకం పెడితే శిక్ష ఏమీ ఉండదు, ఉద్యోగం మాత్రం పోతుంది. రెండు కేంద్రాలనూ సోమవారం నుంచి మూసేస్తారు.

"నాకు నమ్మకం లేదు సూరిగారూ. కానీ చూపించడానికి ఇంకేమీ దొరకలేదు" అన్నారు. కళ్ళు లోతుకు పోయాయి.

ఆ వేళకు పోలమ్మ పెరట్లో చాప పరిచి బియ్యం పోస్తోంది. దాలమ్మ పన్నెండో రోజు భోజనాలకు మా వంతుగా పంపుదామని. వాళ్ళు తీసుకుంటారో, మొహాన కొడతారో తెలియదు. అయినా పంపాలని పోలమ్మ పట్టుబట్టింది. నన్ను కొలిచిపెట్టమంది. మేడమ్‌ను కూర్చోబెట్టి, నేను వెళ్ళి కుంచం ముంచి బస్తాలో పోస్తూ అన్నాను:

"లాభం."

పోలమ్మ నా చెయ్యి గబుక్కున పట్టుకుంది. "ఏటయ్యా, మతుండే అంటన్నావా? సావింటికి పంపే బియ్యానికి లాభమేటి? ఒకటి అను!"

"నోటికొచ్చీసింది" అన్నాను సిగ్గుపడి.

"నోటికొస్తే మింగీ. ఆలకి నష్టమొచ్చి ఏడుస్తంటే మనం లాభమనుకుంటా కొలుత్తామా?"

వెనక కుర్చీ కదిలిన చప్పుడైంది. మేడమ్ లేచి నిలబడ్డారు.

"పోలమ్మగారూ, ఏమన్నారు? ఒకటికి బదులు... లాభం?"

"అవునమ్మా. మొదటి కొలతకి లాభమంటారు. ఒకటి అంటే ఒకటితోనే సరిపోద్దని అలగ. మీ దేశంలో అనరేటి?"

"కొండ మీద మీరనే లాభం..." మేడమ్ నా వైపు తిరిగారు. "అది దేవుడికి చెప్పుకునే మాట అనుకున్నాను సూరిగారూ. శుభం, లాభం అని మొదట్లో అంటారు కదా, అలా. తరవాత లెక్క మొదలవుతుందనుకున్నాను."

"అదే లెక్కమ్మా" అన్నాను.

ఆవిడ సంచిలోంచి చిన్న యంత్రం తీసి, లెక్కయంత్రం దాచుకున్న నా గొంతు వినిపించారు. పోయిన వానాకాలం మేఘం ఒకటి. యంత్రం మీద గీతలు ఒక్కొక్కటే పడుతున్నాయి. లాభం అన్నప్పుడు గీత పడలేదు. అది అంకె కాదు కనుక యంత్రం దాన్ని వదిలేసింది. రెండుకు మొదటి గీత. ఆరుకు ఐదో గీత. ఆ తరవాత నా గొంతు 'ఆరున్నొకటి' అంది. గీత పడలేదు.

"ఇదేమిటి?" అన్నారు మేడమ్.

వసారాలోంచి రత్నం వచ్చి నిలబడింది. అదే చెప్పింది. "ఏడు అనరు మేడమ్. ఏడు అంటే ఏడవమన్నట్టుంటుందని, ధాన్యం దగ్గర ఆ మాట అనకుండా ఆరున్నొకటి అంటారు."

మేడమ్ నుదుటి మీద చెయ్యి వేసుకున్నారు. "ఆ రాతిగదిలో మాట మారుమోగుతుంది. ఒకే అంకె వెంటవెంటనే రెండుసార్లు వినబడితే రెండోదాన్ని వదిలేయమని నేనే యంత్రానికి చెప్పాను. ఆరు తరవాత మళ్ళీ ఆరు వినబడింది. వదిలేసింది."

పెరట్లో నేల మీద బొగ్గుతో లెక్క వేశాం. ఎనిమిది కుంచాలు ఎత్తితే ఆరు గీతలు. చిన్న మేఘాలకు ఒక గీత తగ్గింది, పెద్దవాటికి రెండు. ఒక్కో మేఘానికి ఒక్కో రకంగా వస్తుంటే అది పూతలో తేడా అని మేడమ్ అనుకుని సగటు కట్టారు. ఆరున్నర వచ్చింది. ఇప్పుడు నలభైని ఎనిమిదితో భాగించాం. మిగతా మేఘాలూ తీశాం. ప్రతిదానికీ ఒకటే వచ్చింది. కుంచానికి ఐదు కూలుంబులు.

జీడిమెట్ట మేఘంలో ఆరు కుండలకు ముప్పై పోయింది. తొమ్మిది మిగిలింది. ఒక పిడుక్కి తొమ్మిది ఎక్కువే.

రత్నం అడిగింది: "అయితే నేను ఆరు పెట్టాను కదా?"

"పెట్టావమ్మా" అన్నారు మేడమ్. "ఇంకా లాగుతోందని కూడా చెప్పావు. నేనే వినలేదు."

రత్నం తల ఊపి, వంటింట్లోకి వెళ్ళి, కంచంలో అన్నం పెట్టుకుంది. తొమ్మిది రోజుల తరవాత ఎవరూ చెప్పకుండా తినడం అదే. తింటూ తింటూ ఏడ్చింది. పోలమ్మ పక్కన కూర్చుని ముద్ద ముద్దకూ వీపు రాసింది.

నేను బియ్యం దగ్గరే ఉండిపోయాను. ఏడు అన్న మాట కూడా రాకూడదని నోరు కట్టుకున్నాను. రాకూడదనుకున్నది ఆ కట్టుకున్న నోటిలోంచే వెళ్ళి ఒక ఇంట్లో పడింది. పెద్దలు మంచి మనసుతోనే పెట్టిన అలవాటు. దాన్ని నిందించలేను. కానీ వినేవాళ్ళెవరో, వాళ్ళకు నా మాట తెలుసో లేదో ఒక్కసారి ఎందుకు ఆలోచించలేదు? మిల్లులో అందరూ మావాళ్ళే. కొండ మీద వింటున్నది యంత్రమని నాకు తెలుసు కదా?

"యంత్రంలో పొరపాటని రాస్తాను" అన్నారు మేడమ్. "మీ పేరు రానక్కరలేదు."

"రాయండమ్మా, నా పేరుతో సహా రాయండి. మీరు వినడంలో తప్పు, నేను చెప్పడంలో తప్పు. రెండూ రాయకపోతే ఇంకోచోట ఇంకెవడో లాభమంటాడు."

*

పన్నెండో రోజున బియ్యం బస్తా వేసుకుని ముగ్గురం జీడిమెట్ట వెళ్ళాం. మేడమ్ ముందే వచ్చి ఉన్నారు. తవిటయ్య ఇంటి ముందు అరుగుల మీద ఊరివాళ్ళంతా ఉన్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను. పిల్ల లెక్క సరైనదేననీ, అట్ట తప్పనీ, ఆ అట్ట నా నోటి అలవాటు వల్లా, అది అర్థం కాకపోవడం వల్లా తప్పిందనీ.

తవిటయ్య గెడ్డం పెరిగి, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని విన్నాడు.

"అంటే నువ్వు ఏడు అననందుకు నా ఆడది పోనాదా?"

"అవును బావూ."

"ఏడంటే ఏడుపు కాదు. అంకె. అనీడానికి నీకేటి నొప్పి?"

గుంపులో ఎవరో, "ఆ స్తంభం కొమ్ము పీకీండి, మాకేల ఈ గొడవ" అన్నారు. ఇంకెవరో, "అది లేనప్పుడు మాత్రం పిడుగులు పడనేదేటి? నిరుడు మా మరిది పోనేదా?" అన్నారు. వాదులాట పెరిగింది. చివరకు ఒక ముసలావిడ తేల్చింది: "కొమ్ము ఉంటే ఉండనీ. మబ్బట్టినప్పుడు మేం మడిలోకి దిగం. ఎవల నమ్మకం ఆలది."

మబ్బు పట్టినప్పుడు దిగకపోతే ఊడ్పులు లేవు. వానలు ఆలస్యమైన ఏడాది. నారు అప్పటికే ఎదిగిపోయి ఉంది.

"దిగొద్దు" అన్నాను. "నేను దిగుతాను. సోమవారం దాకా కేంద్రం తెరిచే ఉంటాది. ఈలోగా మేఘమొస్తే మా అమ్మాయి కొత్త అట్టతో కొలుస్తాది, నేను మడిలో నిలబడతాను. గొట్టం చివర మైకు పెడతాం. ప్రతి కుండా మీ చెవులతో మీరే లెక్కపెట్టుకోండి."

"నిలబడి ఏటి చేస్తావు, కొంగలాగ?" అంది పోలమ్మ. "నిలబడితే ఊడుపులు అవుతాయా? నానూ దిగుతాను. నువ్వు కట్టలందించు."

బియ్యం బస్తా గుమ్మంలో పెట్టాం. తవిటయ్య దాన్ని లోపలికి తీసుకోలేదు, బయటికి తోసెయ్యనూ లేదు.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు సముద్రం మీంచి మేఘం లేచింది. గట్టు మీద ఊరంతా చేరింది. నేనూ పోలమ్మా మడిలోకి దిగాం. మోకాటిలోతు బురద. నేను ధాన్యం కొలిచిన మనిషినేగాని నాటినవాణ్ణి కాదు. కట్ట విప్పేసరికి సగం నారు నీళ్ళలో పడేశాను. గట్టు మీద ఆడవాళ్ళు కొందరు నవ్వారు. ఆ నవ్వుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

నడినెత్తిన నల్లగా మూసుకుంది. చేతి మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మైకులో మేడమ్ గొంతు: "నలభై కూలుంబులు. ఎనిమిది కుంచాలు."

తరవాత నా బిడ్డ గొంతు, తొణక్కుండా.

"ఒకటి."

పోలమ్మ నాటుతోంది. తల ఎత్తలేదు.

"రెండు. మూడు. నాలుగు."

గాలి ఆగిపోయింది. కప్పలు కూడా ఆగాయి. అప్పన్నను తలుచుకుందామంటే పేరు నోటికి రాలేదు. కుండలే కనబడుతున్నాయి.

"ఐదు. ఆరు."

ఇక్కడే పోయినసారి ఆపారు. అప్పుడు దాలమ్మ మీద పడినంత ఇప్పుడు నా నెత్తిన మిగిలి ఉంది. పట్టకారు మార్చడానికి ఎంతసేపు పడుతుందో నాకన్నా తెలిసినవాడు లేడు. అయినా అమ్మాయి మార్చడం లేదనిపించింది. పుట్టినప్పటి నుంచి ఏ కొలత దగ్గరా అననిమాట, వినబడితే బాగుండునని ఎదురుచూశాను.

"ఏడు" అంది రత్నం.

మైకులో ఆ మాట మెట్టంతా మోగింది. గట్టు మీద ఎవరో ఆడమనిషి గొంతు విడిచి ఏడ్చింది. నిక్కబొడుచుకున్న వెంట్రుకలు మెల్లగా పడుకున్నాయి.

"ఎనిమిది."

తెల్లజెండా లేచింది. నేనూ పోలమ్మా మడిలోనే ఉన్నాం. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. పోయినసారి అదే వేళకు పడిందని అందరికీ తెలుసు. పావుగంట గడిచింది. చినుకులు మొదలయ్యాయి. చప్పుడు లేని వాన.

గట్టు మీద ఎవరూ కదలలేదు. నమ్మకం ఒక్క మేఘంతో రాదని నాకు తెలుసు. నేను మరో కట్ట విప్పి, పోలమ్మ పక్కన వంగి నాటడానికి చూస్తున్నాను. నీళ్ళలో ఎవరో దిగిన చప్పుడైంది. తవిటయ్య. లుంగీ ఎగ్గట్టి వచ్చి, నా చేతిలోని కట్ట లాక్కున్నాడు.

"నీ గురించి రానేదు" అన్నాడు నా మొహం చూడకుండా. "నారు ముదిరిపోతంది."

ఆ తరవాత ముసలావిడ దిగింది. ఆ వెనక మరో ఇద్దరు. తవిటయ్య నాకూ పోలమ్మకూ మధ్య చోటు చేసుకుని వంగాడు. అతని చెయ్యి పరుగులాంటిది, నేను అందుకోలేకపోయాను. కొంతదూరం పోయాక వెనక్కి తిరిగి నా వరుస చూశాడు.

"వంకరపోతంది. సూసి నాటు."

పీకి, సరిగ్గా నాటాను.